విండోస్ పక్కన ఉబుంటు (ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) వేసే ముందు జాగ్రత్తలు

▢ ఫైళ్లన్నీ బయటి హార్డ్‌డిస్కుకు కాపీ చేసి, నాలుగైదు తెరిచి చూడండి. కంప్యూటర్ డిస్కులోనే ఉన్న డి డ్రైవ్‌లో దాచింది బ్యాకప్ కాదు.

▢ బిట్‌లాకర్ (విండోస్ డిస్కుకు వేసే తాళం లాంటి ఎన్‌క్రిప్షన్) ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. బూట్ సెట్టింగులు మారితే విండోస్ అదే అడగొచ్చు. కీ లేకపోతే డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే.

▢ ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. అది ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది. ఉబుంటు నుంచి విండోస్ డ్రైవ్‌లో ఏదైనా రాస్తే ఫైళ్లు పాడవొచ్చు.

▢ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సి డ్రైవ్ కుదించి 50 జీబీ ఖాళీ వదలండి. 25 సరిపోతుందంటారు గానీ, ఇరుకే.

▢ ఉబుంటు ఇన్‌స్టాలర్ కోసం 16 జీబీ పెన్‌డ్రైవ్ ఉంచుకోండి. అందులోవన్నీ చెరిగిపోతాయి.

▢ పార్టిషన్లు (డిస్కులోని భాగాలు) మారుతుండగా కరెంటు పోకూడదు. తిరుపతిలో వేసవి గాలివాన సాయంత్రాలు మొదలుపెట్టకండి; డెస్క్‌టాప్‌కు యూపీఎస్ తప్పనిసరి.

▢ ఇన్‌స్టాలర్‌లో కనిపించే ‘ఎరేజ్ డిస్క్’ ఆప్షన్ జోలికి మాత్రం పోవద్దు, విండోస్ తుడిచిపెట్టుకుపోతుంది.