క్రూయిజ్ షిప్పు వంటగదిలో ఉద్యోగం కావాలంటే

మాది అనకాపల్లి. 2016 నుంచి ఏడు కాంట్రాక్టులు చేశాను, అన్నీ క్రూయిజ్ షిప్పుల వంటగదుల్లోనే. కమీగా, అంటే వంటగదిలో కింది మెట్టు వంటవాడిగా ఎక్కాను. ఇప్పుడు షెఫ్ ద పార్టీని, అంటే ఒక విభాగం నా చేతి కింద ఉంటుంది. సెలవుకు ఇంటికి వచ్చిన ప్రతిసారీ తెలిసినవాళ్లు ఎవరో ఒకరు పిల్లవాడిని వెంటబెట్టుకొని వస్తారు. మంచినీళ్లు తాగకముందే అడిగేస్తారు: "నెలకు ఎంత ఇస్తారు బాబూ?"

నెలకు ఎంత అని కాదు, ఏడాదికి ఎంత అని అడగమంటాను నేను. నాకిప్పుడు 1,700 డాలర్లు. డాలరు 85 రూపాయలు అనుకుంటే 1,44,500. వినడానికి బాగుంటుంది. కానీ ఓడ మీద ఉండేది ఎనిమిది నెలలే. దిగిన రోజు నుంచి మళ్లీ ఎక్కే రోజు వరకు నాలాంటి కాంట్రాక్టు సిబ్బందికి జీతం ఉండదు. ఎనిమిది నెలలకు 13,600 డాలర్లు, అంటే 11,56,000 రూపాయలు. పన్నెండుతో భాగిస్తే నెలకు 96 వేల చిల్లర. ఇదీ నా అసలు జీతం. కమీగా ఎక్కినప్పుడు నెలకు వెయ్యి డాలర్ల లోపే వచ్చేది. ఆ రోజుల్లో ఏడాది లెక్క వేస్తే మరీ చిన్నదిగా తేలేది.

మరి లాభం ఎక్కడంటే, ఖర్చు లేకపోవడంలో. తిండి, పడక, ఓడలో ఉన్నంతకాలం వైద్యం కంపెనీవే. అద్దె లేదు, పెట్రోలు లేదు, పెళ్లిళ్లకు చదివింపులు కూడా లేవు. జీతం చేజారేది మూడు చోట్ల: ఇంటర్నెట్ ప్యాకేజీ, సిబ్బంది బారు, రేవులో దిగినప్పుడు జేబు. మొదటి కాంట్రాక్టులో ఓడ బార్సిలోనా రేవుకు వెళ్లినప్పుడల్లా బయట భోజనం చేసేవాడిని. ఆరు నెలల తర్వాత లెక్క చూసుకుంటే ఒక నెల జీతం అక్కడే కరిగిపోయింది.

నేను వంటవాడిని కాబట్టి వంటగది సంగతే ఎక్కువ చెబుతాను. ఓడలో డబ్బున్న ఉద్యోగాలు వేరేవీ ఉన్నాయి. ఇంజిన్ అధికారులు, ఎలక్ట్రో టెక్నికల్ అధికారులు బాగా సంపాదిస్తారు, కానీ వాళ్ల చదువు వేరు, దారి వేరు. భోజనశాల, బారు, గదుల విభాగాల వాళ్లకు జీతం కంటే టిప్పులే ముఖ్యం. చాలా ఓడల్లో ప్రయాణికుడి ఖాతాలో రోజుకు ఇంత అని టిప్పు సొమ్ము వేసి సిబ్బందికి పంచుతారు. నర్సులకు ఒక మాట. అత్యవసర విభాగంలోనో ఐసీయూలోనో రెండు మూడేళ్లు చేసి, ఏసీఎల్ఎస్ (గుండె ఆగినప్పుడు చేసే అత్యవసర చికిత్స) సర్టిఫికెట్ ఉన్నవాళ్లు తప్పకుండా ప్రయత్నించాలి. ఆ హోదాకు సాధారణంగా విడి గది కూడా ఉంటుంది. మన దగ్గర ఎందరో నర్సులు ఉన్నారు, ఈ దారి తెలిసినవాళ్లే తక్కువ.

ఇక వంట. ఓడ ఎక్కడానికి దారి ఒడ్డున ఉన్న పెద్ద హోటల్ వంటగది గుండా పోతుంది. డిప్లొమా చేతిలో పెట్టుకొని నేరుగా రావద్దు. విశాఖలోనో హైదరాబాద్‌లోనో పెద్ద హోటల్‌లో కనీసం రెండేళ్లు చేయండి. అందులోనూ ఇండియన్ విభాగంలోనే ఉండిపోకుండా కాంటినెంటల్‌కో, కోల్డ్ కిచెన్‌కో, బేకరీకో మార్పించుకోండి. ఓడకు బిర్యానీ వండేవాళ్లు ఇద్దరు చాలు. రోజుకు కొన్ని వేల బన్నులు చేసేవాళ్లు, చేపను ముల్లు లేకుండా చీల్చేవాళ్లు బోలెడంత మంది కావాలి. వయసు చాలా కంపెనీలకు 21 నిండాలి.

ఇంటర్వ్యూలో నన్ను అడిగినవి ఇప్పటికీ గుర్తున్నాయి. వీడియోలో ఎదురుగా ఒక ఆస్ట్రియా షెఫ్. ఐదు మూల సాసులు చెప్పమన్నాడు, చెప్పాను. హాలండేజ్, అంటే పచ్చసొన, వెన్న కలిపి చేసే సాస్, విరిగితే ఏం చేస్తావన్నాడు. కొత్త గిన్నెలో పచ్చసొన, చెంచాడు గోరువెచ్చని నీళ్లు వేసి, విరిగినదాన్ని కొంచెం కొంచెంగా కలుపుతానన్నాను. తల ఊపాడు. తర్వాత అరగంట వంట గురించి ఒక్క ముక్క కూడా అడగలేదు. అన్నీ ఉష్ణోగ్రతలే. కోడిమాంసం లోపల ఎంత వేడికి రావాలి? 74 డిగ్రీలు. వండినదాన్ని వేడిగా ఉంచాలంటే? 57 లేదా ఆపైన. చల్లగా అయితే? 5 లేదా ఆలోపు. వండిన పులుసును దాచాలంటే? రెండు గంటల్లో 57 నుంచి 21కి, తర్వాతి నాలుగు గంటల్లో 5కి దిగాలి.

ఈ అంకెల మీద అంత పట్టు ఎందుకో ఓడ ఎక్కాక తెలిసింది. అమెరికా రేవులకు వెళ్లే ఓడల్లోకి ఆ దేశ ఆరోగ్య శాఖ తనిఖీదారులు ముందు చెప్పకుండా వస్తారు. వందకు మార్కులు వేస్తారు. 85 వచ్చినా తప్పినట్టే, 86 నుంచే పాస్. వాళ్లు గ్యాంగ్‌వే, అంటే ఓడలోకి వచ్చే మెట్లదారి, ఎక్కారన్న కబురు మా వంటగదికి రెండు నిమిషాల్లో చేరుతుంది. ఆ క్షణంలో వంటగది ముఖం చూడాలి. ప్రతివాడూ తన థర్మామీటరు తీసి చూసుకుంటాడు, ప్రతి ఫ్రిజ్ కాగితమూ మళ్లీ చదువుతారు. బల్ల తుడవడానికి మాకు మూడు బకెట్లు ఉంటాయి: ఎర్రది సబ్బునీళ్లకు, బూడిదరంగుది కడగడానికి, తెల్లది క్రిమిసంహారక ద్రావణానికి. ఒకసారి తనిఖీదారు నా తెల్ల బకెట్‌లో పరీక్ష కాగితం ముంచింది. రంగు మారలేదు. ద్రావణం బలం తగ్గిపోయింది, నేను గంట క్రితమే మార్చాల్సింది. ఆమె ఏమీ అనలేదు, పలక మీద రాసుకుంది. ఆ సాయంత్రం మా ఎగ్జిక్యూటివ్ షెఫ్ మాత్రం ఆమె అనని మాటలన్నీ అన్నాడు. అందుకే చెబుతున్నాను, ఇప్పుడు మీరు చేస్తున్న హోటల్‌లోనే థర్మామీటరు జేబులో పెట్టుకోవడం అలవాటు చేసుకోండి. తోటివాళ్లు నవ్వినా పరవాలేదు.

ఇంగ్లిష్ గురించి భయపడతారు. యాస ఎలా ఉన్నా ఎవరికీ పట్టదు. చెప్పింది అర్థమై, మీరు చెప్పేది ఎదుటివాడికి అర్థమైతే చాలు. మార్లిన్స్ అని ఒక కంప్యూటర్ పరీక్ష పెడతారు. వినడం, వ్యాకరణం, మాటల అర్థాలు అడుగుతారు, అభ్యాసానికి నమూనాలు దొరుకుతాయి.

ఇప్పుడు డబ్బు పోయే చోటు. 2014లో హైదరాబాద్‌లో ఒక ఏజెంటుకు 80 వేలు కట్టాను. గోడ మీద పెద్ద ఓడ బొమ్మ, బల్ల మీద చిన్న జాతీయ జెండాలు. "సీటు ఖాయం, కంపెనీ లెటర్ వారంలో వస్తుంది" అన్నాడు. లెటర్ వచ్చింది, నిజమైనదానిలాగే ఉంది. నాలుగు నెలల తర్వాత ఆ గదికి తాళం. నాన్న ఆ డబ్బు పొలం తాకట్టు పెట్టి తెచ్చాడు. నాకు తర్వాత తెలిసింది ఇది: నావికుల శ్రమపై 2006 నాటి అంతర్జాతీయ ఒప్పందం ఉంది, దాన్ని భారత్ 2015లో ఆమోదించింది. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర రుసుము తీసుకోకూడదని అందులో స్పష్టంగా ఉంది. పాస్‌పోర్టు, సీడీసీ అనే నావికుడి పుస్తకం, వైద్య పరీక్ష ఖర్చులు మీరు పెట్టుకోవచ్చు. వీసా ఖర్చు ఓడ యజమానిది. వంటవాడైనా, గదులు సర్దేవాడైనా ఆ ఒప్పందం దృష్టిలో నావికుడే.

మన దేశంలో నావికులను పంపే ఏజెన్సీకి ముంబైలోని డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్ఎల్ లైసెన్సు ఉండాలి. నంబరు అడగండి. వాళ్లు చూపించే కాగితం మీద కాదు, ఆ ప్రభుత్వ వెబ్‌సైటులోనే వెతికి, పేరు, చిరునామా, గడువు మూడూ సరిపోయాయో లేదో చూడండి. తర్వాత వెబ్‌సైటులో ఉన్న ఫోనుకే చేసి, మీతో మాట్లాడినవాడు వాళ్ల మనిషేనా అని అడగండి. అసలు ఏజెన్సీ పేరు చెప్పుకొని డబ్బు దండుకునేవాళ్లే ఇప్పుడు ఎక్కువ.

కాగితాల పని విసుగే తప్ప కష్టం కాదు. పాస్‌పోర్టు తర్వాత ఎస్‌టీసీడబ్ల్యూ అనే అంతర్జాతీయ నావిక శిక్షణ ప్రమాణాల ప్రకారం ప్రాథమిక భద్రతా కోర్సులు: నీళ్లలో ప్రాణం కాపాడుకోవడం, మంటలు ఆర్పడం, ప్రథమ చికిత్స, వ్యక్తిగత భద్రత, వీటికి తోడు ఓడ రక్షణ శిక్షణ. నాకు అన్నీ కలిపి రెండు వారాలు పట్టాయి. లైఫ్ జాకెట్ వేసుకొని ఎత్తు నుంచి కొలనులో దూకాలి, పొగ నిండిన గదిలోంచి గోడ తడుముకుంటూ బయటపడాలి. కోర్సు డీజీ షిప్పింగ్ ఆమోదించిన సంస్థలోనే చేయండి. ఇండోస్ అనే నావికుడి గుర్తింపు నంబరు, సీడీసీ దాంతోపాటే. సీడీసీ పదేళ్లు చెల్లుతుంది. వైద్య పరీక్ష రెండేళ్లకోసారి. ఎల్లో ఫీవర్ టీకా ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది, ఆ పసుపు పుస్తకం మాత్రం పారేసుకోవద్దు. అమెరికా రేవులకు ఓడ సిబ్బందికి ఇచ్చే సీ1/డీ వీసా కావాలి. హైదరాబాద్ కాన్సులేట్‌లో నన్ను రెండే ప్రశ్నలు అడిగారు: ఏం పని, ఇంతకు ముందు ఎక్కడ చేశావు.

ఓడలో రోజు ఎలా ఉంటుందో చెబితే సగం మంది ఇంటికి వెళ్లిపోతారు. వారంలో సెలవు రోజు ఉండదు. నిబంధన ప్రకారం 24 గంటల్లో కనీసం 10 గంటలు, వారంలో 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. ఆ పది గంటలను రెండు ముక్కలకు మించి విడగొట్టకూడదు, అందులో ఒకటి కనీసం ఆరు గంటలు ఉండాలి. నా నిద్ర ఎప్పుడూ ఆ ఆరు గంటల ముక్కే. అట్లాంటిక్‌ను తూర్పుగా దాటేటప్పుడు గడియారం దాదాపు ప్రతి రాత్రీ గంట ముందుకు జరుగుతుంది, అప్పుడు అందులోనూ కోత. గది నీటిమట్టానికి అటూ ఇటూగా ఉంటుంది, కిటికీ ఉండదు. ఇద్దరికి ఒకదాని మీద ఒకటి బంకులు, బంకుకు ఒక తెర. ఆ తెర లాగుకుంటే అదే మీ ఇల్లు. నా మొదటి జోడీ ఫిలిప్పీన్స్ మనిషి, రాత్రి షిఫ్టు బేకరు. మూడు నెలల్లో మేము ముఖాముఖి మాట్లాడుకున్నది పది సార్లు ఉంటుందేమో.

డ్రిల్లును తేలిగ్గా తీసుకోవద్దు. ఏడు చిన్న కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే మీరు వంటవాళ్లు కారు, ప్రయాణికులను పడవల దగ్గరికి చేర్చేవాళ్లు. 2012లో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. ఆ తర్వాతే, ఓడ కదలకముందో కదిలిన వెంటనేనో ప్రయాణికులకు డ్రిల్లు జరపాలన్న నిబంధన వచ్చింది. ఎక్కిన మొదటి వారంలోనే మీ డ్యూటీ ఏమిటో అడుగుతారు. తడబడితే పిలిచి మళ్లీ నేర్పిస్తారు.

పన్ను గురించి ఎవరూ ముందు చెప్పరు. ఏప్రిల్ నుంచి మార్చి వరకు లెక్కేస్తే మన దేశంలో 182 రోజుల కంటే తక్కువ ఉండాలి, అప్పుడే ప్రవాసిగా పరిగణించి విదేశీ ఓడ జీతంపై ఇక్కడ పన్ను వేయరు. నేను ఒకసారి డిసెంబరు 10న ఎక్కి ఆగస్టు 5న దిగాను. ఎనిమిది నెలలు సముద్రం మీదే ఉన్నాను కదా అనుకున్నాను. మార్చి 31 మధ్యలో కత్తిలా పడింది: మొదటి ఏడాదిలో నాలుగు నెలల లోపు, రెండో ఏడాదిలో నాలుగు నెలల పైచిలుకు. ఆగస్టులో దిగాక మళ్లీ ఎక్కడం కూడా ఆలస్యమైంది. రెండేళ్లూ రోజులు చాలలేదు. ఏప్రిల్, మే, జూన్‌లలో ఎక్కే కాంట్రాక్టు దొరికితే వదలకండి. సీడీసీలో ఎక్కిన, దిగిన తేదీల ముద్రలున్న పేజీలు, పాస్‌పోర్టు స్టాంపులు ఫోటో తీసి ఇంట్లోవాళ్లకు పంపి ఉంచండి. మీ లెక్క ఆడిటరుకు ఒకసారి చూపించండి.

ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో పెట్టేవరకు బండి గానీ స్థలం గానీ కొనవద్దు. 2020 మార్చిలో క్రూయిజ్ ఓడలు దాదాపు అన్నీ ఆగిపోయాయి. నేను ఇంటికి చేరాక 2022 వరకు మళ్లీ ఎక్కలేదు. ఆ మధ్యకాలమంతా అనకాపల్లిలో ఆదివారాలు బిర్యానీ పొట్లాలు అమ్మాను. అప్పుడు నన్ను నిలబెట్టినవి ఆ పొట్లాలు, నాన్న అడగకుండా ఇచ్చిన కొంత సొమ్ము.

సంచిలోకి: జారని అడుగున్న నల్ల బూట్లు రెండు జతలు, మొదటి నెల ఖర్చుకు 200 డాలర్లు, కాగితాలన్నిటి నకళ్లు వేరే కవరులో. ఎక్స్‌టెన్షన్ బాక్సు తీసుకెళ్లకండి, మంటల భయంతో గ్యాంగ్‌వే దగ్గరే తీసేసుకుంటారు. తినే వస్తువులూ అంతే. మొదటిసారి అమ్మ కట్టిచ్చిన ఆవకాయ సీసాను భద్రతా సిబ్బంది వెలుతురులో పట్టుకొని అటూ ఇటూ తిప్పి, ఇది ఏమిటని అడిగారు. మామిడికాయ అన్నాను. నమ్మలేదు.