మార్కుల రిజిస్టరు నుంచి ప్రగతి పత్రం వరకు: కొత్త మూల్యాంకనాన్ని తరగతి గదిలో అమలు చేయడం ఎలా

2020 జూలై 29న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన జాతీయ విద్యా విధానం మూల్యాంకనం విషయంలో కోరుతున్నది క్లుప్తంగా ఇది: బట్టీ పట్టినదాన్ని ఏడాది చివర ఒకసారి అప్పజెప్పించుకునే పద్ధతి తగ్గాలి, పిల్లలు ఏం చేయగలుగుతున్నారో ఏడాది పొడవునా గమనిస్తూ, దాని ఆధారంగా బోధనను సరిదిద్దుకునే పద్ధతి పెరగాలి. ఈ ఆలోచన మనకు కొత్తది కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లోనే నిరంతర సమగ్ర మూల్యాంకనం ఉంది. పిల్లల భాగస్వామ్యం, రాత పనులు, ప్రాజెక్టు పని, స్లిప్ టెస్టు అనే విభాగాలు మన ఉపాధ్యాయులందరికీ కంఠతా వచ్చు. అయినా చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే కాంప్లెక్స్ సమావేశాల్లో తరచుగా ఒక మాట వినిపిస్తుంది: రికార్డులు రాస్తున్నాం, మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కిస్తున్నాం, వీటివల్ల పిల్లవాడికి ఏం ఒరిగింది? ఆ అడగడంలో న్యాయం ఉంది. పరీక్ష పెట్టిన మర్నాడు మన పాఠం ఏ కొంచెమైనా మారకపోతే ఆ పరీక్ష పిల్లవాడికి ఉపయోగపడలేదనే నేను నమ్ముతాను. ప్రాథమిక, ప్రాథమికోన్నత తరగతుల్లో పనిచేసేవారు ఆ మార్పును ఎలా తేవచ్చో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

విధానం స్వరూపాన్ని ఒకసారి గుర్తు చేసుకుందాం. చదువును 5+3+3+4 దశలుగా విభజించారు. మూడేళ్ల వయసు నుంచి రెండో తరగతి వరకు పునాది దశ, మూడు నుంచి ఐదు వరకు సన్నాహక దశ, ఆరు నుంచి ఎనిమిది వరకు మాధ్యమిక దశ, తొమ్మిది నుంచి పన్నెండు వరకు సెకండరీ దశ. మూడు, ఐదు, ఎనిమిది తరగతుల్లో విద్యార్థులందరికీ పరీక్షలు ఉండాలని, అవి బట్టీకి కాక ప్రాథమిక సామర్థ్యాలకు సంబంధించినవై ఉండాలని విధానం చెబుతోంది. మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డకూ చదవడం, రాయడం, లెక్కలు చేయడం రావాలన్న లక్ష్యంతో 2021 జూలై 5న నిపుణ్ భారత్ అనే జాతీయ కార్యక్రమం ప్రారంభమైంది, దానికి గడువు 2026-27.

ఒక్క పాఠంతో, ఒక్క సామర్థ్యంతో మొదలుపెట్టండి

అన్ని సబ్జెక్టుల్లో ఒకేసారి మార్పు తేవాలని ప్రయత్నిస్తే వారం తిరక్కుండానే అది కాగితాల పనిగా మారిపోతుంది. కాబట్టి ముందుగా ఒక పాఠాన్ని ఎంచుకుని, అందులో పిల్లవాడు చేయగలగవలసిన ఒక పనిని ఒకే వాక్యంలో రాసుకోండి. జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎన్సీఈఆర్టీ) 2017లో ప్రకటించిన అభ్యసన ఫలితాల్లో ఇలాంటి వాక్యాలు దొరుకుతాయి. 'తీసివేత అర్థం చేసుకుంటాడు' అని రాస్తే దాన్ని పరీక్షించడం కష్టం. 'మధ్యలో సున్నా ఉన్న మూడంకెల సంఖ్య నుంచి మరో మూడంకెల సంఖ్యను తీసివేసి, ఎలా చేశాడో చెప్పగలడు' అని రాస్తే ఏ ప్రశ్న అడగాలో ఆ వాక్యమే చూపిస్తుంది.

ఇప్పుడు ఒక ప్రశ్న ఇద్దాం. పలమనేరు మార్కెట్టుకు 502 టమాటా బాక్సులు వచ్చాయి, మధ్యాహ్నానికి 178 అమ్ముడుపోయాయి, మిగిలినవి ఎన్ని? జవాబు 324. తరగతిలో ఒకరు 476 అని, మరొకరు 424 అని, ఇంకొకరు 334 అని రాశారనుకుందాం. మార్కుల రిజిస్టరులో ముగ్గురికీ సున్నాయే. కానీ 476 రాసిన బిడ్డ ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేసింది. పై అంకె ఏది, కింది అంకె ఏది అన్న ఆలోచనే ఆమెకు ఇంకా కుదరలేదు. 424 రాసిన బిడ్డకు సున్నా తొమ్మిది అవుతుందని తెలుసు గాని, వందల స్థానంలోని ఐదును నాలుగు చేయడం మరిచిపోయాడు. 334 రాసిన బిడ్డ వందను విడదీసి పది పదులు చేశాడు, అందులోంచి ఒక పదిని ఒకట్ల స్థానానికి ఇచ్చాక తొమ్మిదే మిగులుతాయన్నది గమనించలేదు. ఈ ముగ్గురికీ రేపు చెప్పవలసిన పాఠం ఒకటి కాదు. మొదటి బిడ్డకు పుల్లల కట్టలతో స్థానవిలువ నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. మిగతా ఇద్దరికీ ఐదు వంద నోట్లు, రెండు రూపాయి నాణేలు చేతికిచ్చి 178 రూపాయలు ఇమ్మని అడిగితే, చిల్లర మార్చక తప్పని పరిస్థితిలో తమ పొరపాటు తామే పట్టుకుంటారు.

పేపర్లు దిద్దేటప్పుడు చేయవలసిన పని కూడా ఇదే. అడ్డంగా గీత కొట్టి సున్నా వేసే ముందు, వచ్చిన తప్పు జవాబులను ఒక కాగితం మీద గుంపులుగా రాసుకోండి. ముప్పై మంది ఉన్న తరగతిలో సాధారణంగా మూడు నాలుగు రకాల తప్పులే కనిపిస్తాయి. ఆ కాగితమే మరునాటి పాఠ్యప్రణాళిక. నా దృష్టిలో ఈ ఒక్క అలవాటు మిగతా రికార్డులన్నింటికంటే విలువైనది, ఎందుకంటే విధానం 'నిర్మాణాత్మక మూల్యాంకనం' అని దేన్ని అంటుందో అది ఇక్కడే జరుగుతుంది.

ప్రశ్నను మార్చే పద్ధతి

సామర్థ్యాన్ని పరీక్షించే ప్రశ్న అంటే కష్టమైన ప్రశ్న అని కొందరు భావిస్తారు. అది సరికాదు. పాఠంలో చదివిన విషయాన్ని పాఠంలో లేని సందర్భంలో వాడమని అడిగేదే సామర్థ్య ప్రశ్న. 'బాష్పీభవనం అనగానేమి?' అని అడిగితే గైడులోని రెండు వాక్యాలు వస్తాయి. చిత్తూరు చుట్టుపక్కల పిల్లల్లో చాలామంది బెల్లం గానుగను చూసినవారే. కాబట్టి ఇలా అడిగి చూడండి: పొయ్యి మీది పెనంలో చెరకు రసం కాగేకొద్దీ దాని మట్టం ఎందుకు తగ్గుతుంది? తగ్గిన భాగం ఎటు పోయింది? తీపి మాత్రం పోకుండా పెనంలోనే ఎందుకు మిగిలింది? మూడో ప్రశ్నకు జవాబు చెప్పాలంటే నీరు ఆవిరవుతుందని, దానిలో కరిగి ఉన్న చక్కెర ఆవిరి కాదని బిడ్డకు నిజంగా అర్థమై ఉండాలి.

ఒక హెచ్చరిక అవసరం. లెక్కలో తోతాపురి మామిడి అనో, తిరుమల బస్సు అనో పేరు చేర్చినంత మాత్రాన అది సామర్థ్య ప్రశ్న అయిపోదు. స్థానికమైన పేరు తీసేసినా ప్రశ్న మారకుండా ఉంటే, ఆ పేరు అలంకారం మాత్రమే. టమాటా లెక్కలో కూడా అసలు పని చేసింది 502 లోని సున్నా. బెల్లం ప్రశ్నలో మాత్రం పెనాన్ని తీసేస్తే ప్రశ్నే ఉండదు.

ప్రశ్న ఏ భాషలో అడుగుతున్నామన్నది మన ప్రాంతంలో ప్రత్యేకంగా ఆలోచించవలసిన విషయం. నగరి, సత్యవేడు వైపు ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు, కుప్పం, పలమనేరు వైపు కన్నడమో తమిళమో మాట్లాడే పిల్లలు, ఉర్దూ మాట్లాడే పిల్లలు ఒకే తరగతిలో ఉంటారు, పాఠ్యపుస్తకం తెలుగు, ఇంగ్లిషు భాషల్లో ఉంటుంది. వీలైనంత వరకు కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలోనే బోధన సాగాలని విధానం చెబుతోంది. బోధనా మాధ్యమాన్ని నిర్ణయించే అధికారం తరగతి ఉపాధ్యాయులకు ఉండదు గాని, మూల్యాంకనంలో ఒక న్యాయం మాత్రం వారు చేయగలరు. తప్పు రాసిన బిడ్డను దగ్గరికి పిలిచి, అదే ప్రశ్నను నోటితో, ఆ బిడ్డకు తెలిసిన మాటల్లో మరోసారి అడగండి. అప్పుడు సరైన జవాబు వస్తే, బిడ్డకు రానిది ప్రశ్న భాషే గాని విషయం కాదని తేలుతుంది. ఈ రెండింటినీ ఒకే సున్నాలో కలిపేయడం అన్యాయం.

చదవడాన్ని పరీక్షించేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త కావాలి. మూడో తరగతి బిడ్డ తనకు కొత్తదైన పాఠాన్ని నిమిషానికి కనీసం 60 పదాల వేగంతో, అర్థం చేసుకుంటూ చదవాలని నిపుణ్ లక్ష్యాల్లో ఉంది. అందరూ గడియారం చూసి పదాలు లెక్కపెడతారు గాని, 'అర్థం చేసుకుంటూ' అన్న భాగాన్ని వదిలేస్తారు. తెలుగులో విభక్తులూ ప్రత్యయాలూ కలిసి మాటలు పొడవవుతాయి కాబట్టి వేగం ఒక్కటే చూసి బిడ్డను వెనకబడిన జాబితాలో వేయడం తొందరపాటు. చదివించాక ఒక ప్రశ్న నేరుగా పాఠంలో జవాబు దొరికేది, మరొకటి ఊహించి చెప్పవలసినది అడిగి, రెండో దానికి వచ్చిన జవాబును ఆ బిడ్డ మాటల్లోనే రాసి ఉంచుకోండి.

పుస్తకాల సంచి లేని రోజులను గమనింపుకు వాడుకోవడం

ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్య పిల్లలు పది రోజులు సంచి లేకుండా స్థానిక వృత్తికారుల దగ్గర పని నేర్చుకోవాలని విధానం సూచించింది. మన ప్రాంతానికి ఇది వరం. శ్రీకాళహస్తి కలంకారీ, వెంకటగిరి నేత, చంద్రగిరి కోట, తిరుపతి ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం, నేలపట్టు పక్షుల కేంద్రం అన్నీ ఒక రోజులో వెళ్లి రాగలిగిన చోట్లే. అయితే అది విహారయాత్రగా మిగిలిపోకూడదంటే, వెళ్లే ముందే గమనించవలసిన విషయాలను నిర్ణయించుకోవాలి.

కలంకారీ చేసేవారి దగ్గరకు వెళ్లారనుకోండి. గుడ్డను గీతకు ముందు కరక్కాయ, గేదె పాలు కలిపిన ద్రవంలో ఎందుకు తడుపుతారో, తుప్పు పట్టిన ఇనుమూ బెల్లమూ నీళ్లలో ఊరబెట్టి నల్లరంగు ఎలా తీస్తారో, వెదురు కలానికి గుడ్డ చుట్టి ఎందుకు కడతారో పిల్లలే అడిగి తెలుసుకోవాలి. ఉపాధ్యాయులు చిన్న నోటు పుస్తకం పట్టుకుని, ఎవరు ఏ ప్రశ్న అడిగారో, ఎవరు తమ ఊహను పరీక్షించి చూశారో, ఎవరు పక్కవారికి వివరించారో గుర్తు పెట్టుకోవాలి. ఒకే రోజు అందరినీ గమనించలేరు. ఐదారుగురిని చూసి, మిగతావారిని మరో రోజుకు ఉంచండి. తిరిగి వచ్చాక, పాలు పూయని గుడ్డ మీద రంగు ఎలా పాకుతుందో తరగతిలో చేసి చూపమని అడిగితే, ఎన్ని పేజీల ప్రాజెక్టు రాసినా తెలియని విషయం పది నిమిషాల్లో తెలుస్తుంది. ఇంటర్‌నెట్ కేంద్రంలో ప్రింటు తీసి అట్ట వేసిన ప్రాజెక్టుకు మార్కులు ఇవ్వడం మాత్రం దయచేసి మానేయండి. దానికి తండ్రి డబ్బు ఖర్చవుతుంది తప్ప బిడ్డ నేర్చుకునేది ఏమీ ఉండదు.

ప్రగతి పత్రంలో ఏం రాయాలి

విధానం ప్రతిపాదించిన సమగ్ర ప్రగతి పత్రంలో ఉపాధ్యాయుల అంచనాతో పాటు బిడ్డ తన గురించి తాను చెప్పుకునే అంచనా, తోటి పిల్లల అంచనా కూడా ఉంటాయి. 'మంచిది', 'బాగా చదవాలి', 'శ్రద్ధ పెంచుకోవాలి' వంటి మాటలు ఏ బిడ్డకైనా సరిపోతాయి కాబట్టి ఏ బిడ్డకూ పనికిరావు. వాటికి బదులు ఇలా రాయవచ్చు: 'మూడంకెల తీసివేతలో మధ్యలో సున్నా వస్తే తడబడుతోంది, నోట్లతో చేయిస్తే సరిగా చేస్తోంది, వచ్చే నెల నోట్లు లేకుండా చేయించి చూడాలి.' ఇందులో ఏం రాదో, ఏ సహాయంతో వస్తుందో, తర్వాత ఏం చేయాలో మూడూ ఉన్నాయి. బిడ్డ స్వీయ అంచనాకు 'నాకు ఇప్పుడు వచ్చినది', 'నాకు ఇంకా అడగాలనిపిస్తున్నది' అన్న రెండు వాక్యాలు పూర్తి చేయించడం చాలు. తోటి పిల్లల అంచనాలో మార్కులు వేయించవద్దు, పని గురించి ఒక మంచి విషయం, ఒక సలహా చెప్పించండి. మార్కులు వేయిస్తే స్నేహాలూ కులాలూ వాటిలోకి వచ్చేస్తాయి.

తల్లిదండ్రుల సమావేశంలో ఈ పత్రాన్ని చేతికిచ్చి సంతకం పెట్టించుకోవడం సరిపోదు. కూలి పని మానుకుని వచ్చిన తల్లికి అదే విషయాన్ని నోటితో, బిడ్డ నోటు పుస్తకం తెరిచి చూపిస్తూ చెప్పండి. రేపు దుకాణంలో చిల్లర లెక్క బిడ్డతోనే చేయించమ్మా అన్నంత తేలికైన పని ఒకటి అప్పగించండి. ర్యాంకు ఎంత అని ఆమె అడిగితే, ఆ ప్రశ్నను తోసిపుచ్చకుండా, బిడ్డ జూన్‌లో ఎక్కడ ఉన్నాడో, ఇప్పుడు ఎక్కడ ఉన్నాడో చూపించండి.

ఇదంతా ఏకోపాధ్యాయ పాఠశాలలో సాధ్యమా అన్న సందేహం సహజమే. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం, ఆ ప్రాంతం చిత్తూరు జిల్లాలో ఉన్న కాలంలోనే, బహుళ తరగతుల బడుల కోసం అభ్యసన నిచ్చెనలను, కృత్య కార్డులను తయారు చేసింది. బిడ్డ తాను ఏ మెట్టు మీద ఉన్నాడో తానే చూసుకుని తర్వాతి కార్డు తీసుకుంటాడు, మూల్యాంకనం కార్డు కూడా ఆ మెట్లలోనే ఉంటుంది. తమిళనాడులో కృత్యాధార బోధనకు ప్రేరణ ఇచ్చిన ఆ పద్ధతి మన దగ్గరే పుట్టింది. ముప్పై పేజీల రికార్డు రాయలేకపోయినా, గోడకు ఒక నిచ్చెన పటం అంటించి పిల్లల పేర్ల చీటీలను మెట్ల మీద జరపడం ఎవరికైనా సాధ్యమే.

పదో తరగతి సంగతి వేరు. అక్కడ మనం ప్రశ్నపత్రాన్ని మార్చలేం. కేంద్ర బోర్డు సీబీఎస్‌ఈ తొమ్మిది, పది తరగతుల్లో సగం ప్రశ్నలను సామర్థ్యాధారితంగా చేసింది, 2026 నుంచి పదో తరగతి పరీక్షను ఏడాదిలో రెండుసార్లు నిర్వహించాలని నిర్ణయించింది. మన పిల్లలు పదో తరగతికి వెళ్లాక అలాంటి ప్రశ్నకు బెదరకుండా ఉండాలంటే పని ఆరో తరగతిలోనే మొదలుకావాలి.

ఏడాది ముగిసే సమయంలో చివరిగా చేయవలసిన పని ఒకటుంది. ఐదో తరగతి పూర్తి చేసి ఉన్నత పాఠశాలకు వెళ్లే ప్రతి బిడ్డ గురించి, టీసీతో పాటు అర పేజీ గమనికలు అక్కడి తరగతి ఉపాధ్యాయులకు చేరవేయండి. ఏం వచ్చో, ఏం రాదో, ఏ భాషలో అడిగితే జవాబు చెబుతుందో ఆ అర పేజీలో ఉండాలి. వేసవి సెలవులకు ముందే దాన్ని రాసి హెచ్‌ఎంకు అప్పగిస్తే, బడి తెరిచిన మొదటి వారంలోనే అది ఉపయోగంలోకి వస్తుంది.