అమెరికా హైస్కూల్ వాటర్ పోలో (ఈత కొలనులో బంతితో ఆడే జట్టు ఆట): మ్యాచ్‌కు ముందు కోచ్, రిఫరీ జాగ్రత్తలు

- ముందు గోళ్లు. ప్రతి ఆటగాడి గోళ్లు చూడాలి, గరుకుగా ఉంటే అక్కడే కత్తిరించమనాలి. నీళ్లలో పెనుగులాటే ఎక్కువ, గీరుకుంటే రక్తమే. కోచ్ సంచీలో నెయిల్‌కట్టర్ లేకపోతే టెన్షన్ తప్పదు.
- ఉంగరాలు, గొలుసులు, గాగుల్స్ తీయించాలి. ఒంటికి నూనె పూసుకుని దిగనివ్వకూడదు.
- గోల్‌కీపర్‌కి ఎర్ర టోపీ. అందరి టోపీలకూ చెవి కప్పులు పగలకుండా ఉన్నాయా?
- గోల్ కదలకుండా కట్టారా, చూడండి.
- ఆటగాడు తలకు దెబ్బ తగిలి తడబడుతుంటే రిఫరీ బయటికి పంపాల్సిందే. "నాకేం కాలేదు సార్" అంటాడు, వినొద్దు. అర్హులైన వైద్య నిపుణులు సరేననే దాకా కోచ్ మళ్లీ దించకూడదు.