పెను హరికేన్ వేళ ఇంట్లోనే ఉండవలసి వస్తే: పెంపుడు జంతువులను, పశువులను కాపాడుకునే విధానం

హరికేన్ (అమెరికా తీరాలను తాకే పెద్ద తుఫాను) వస్తున్నప్పుడు జంతువులతో సహా ఇంట్లోనే ఉండాలా, వాటిని వెంటబెట్టుకుని వెళ్లిపోవాలా అన్నది గాలి వేగాన్ని మాత్రమే చూసి తేల్చుకోదగిన విషయం కాదు. హరికేన్లను 1 నుంచి 5 శ్రేణులుగా విభజించే సఫీర్–సింప్సన్ కొలమానం ప్రకారం గంటకు 178 కిలోమీటర్లు, అంతకు మించిన గాలులు వీచే 3, 4, 5 శ్రేణుల హరికేన్లను పెను హరికేన్లుగా పరిగణిస్తారు; అయితే ఆ కొలమానం గాలినే లెక్కిస్తుంది తప్ప ఉప్పెననూ వర్షాన్నీ లెక్కలోకి తీసుకోదు. 2017 ఆగస్టులో అమెరికాలోని టెక్సస్ తీరాన్ని తాకిన హార్వీ హరికేన్, తీరం దాటాక బలహీనపడి కూడా, రోజుల తరబడి ఆ ప్రాంతాన్ని వదలకుండా ఒకచోట 1,500 మిల్లీమీటర్లకు పైగా వర్షం కురిపించింది. గాలికి చెక్కుచెదరని ఇళ్లు అప్పుడు నీట మునిగాయి.

అందువల్ల మీ ఇల్లు ఉప్పెన ముప్పు ఉన్న ప్రాంతంలో ఉన్నా, వరద నీరు చేరే పల్లంలో ఉన్నా, చక్రాల మీద తరలించే మొబైల్ హోమ్ అయినా, ఖాళీ చేయమని అధికారులు ఆదేశించినా, ఈ వ్యాసంలోని తక్కిన సూచనలు మీకు వర్తించవు. జంతువులను తీసుకుని వెళ్లిపోవడమే మీరు చేయవలసిన పని. 2005లో కత్రీనా హరికేన్ సమయంలో పెంపుడు జంతువులను వదిలి రాలేక ఎంతోమంది ఇళ్లలోనే ఉండిపోయారు. ఆ అనుభవం తర్వాతే, రాష్ట్రాలూ స్థానిక ప్రభుత్వాలూ తమ విపత్తు ప్రణాళికల్లో పెంపుడు జంతువులకూ చోటు కల్పించాలని అమెరికా 2006లో చట్టం చేసింది. జంతువులను అనుమతించే సహాయ శిబిరాలు ఇప్పుడు చాలా చోట్ల ఉన్నాయి. మీ కౌంటీలో (జిల్లాలో) అలాంటి శిబిరం ఏదో, అక్కడ ముందుగా పేరు నమోదు చేసుకోవాలో లేదో, ఏ టీకా పత్రాలు అడుగుతారో జూన్ 1న హరికేన్ల కాలం మొదలయ్యే నాటికే కనుక్కుని ఉంచుకోవాలి.

ఇల్లు మెరక మీద ఉండి, పైకప్పు గట్టిదై, కిటికీలకు రక్షణ పలకలు ఉన్నవారికీ, తరలించడానికి వీలులేనన్ని పశువులున్నవారికీ ఇంటివద్ద ఉండటం సమంజసమే. గుర్రాలనో పశువులనో తరలించదలచినవారు మాత్రం గాలులు మొదలవడానికి కనీసం 72 గంటల ముందే ఆ పని ముగించాలి. ఎత్తైన ట్రైలర్లను బలమైన గాలి సులభంగా పడదోస్తుంది. ఖాళీ చేసి వెళ్లేవారి వాహనాలతో నిండిపోయిన రహదారిలో, ఎండలో, గంటల తరబడి ట్రైలర్‌లో నిలబడవలసి రావడం గుర్రానికి ప్రాణాంతకం కూడా కావచ్చు. తుఫాను గాలులు రావచ్చునన్న తొలి హెచ్చరిక వాటికి 48 గంటల ముందు, కచ్చితమైన హెచ్చరిక 36 గంటల ముందు వెలువడతాయి కాబట్టి, వాటి కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే పెద్ద జంతువులను తరలించే వ్యవధి దాటిపోయినట్టే.

ఇంట్లో ఉండే జంతువులు

ఇంట్లో ఉండే జంతువుకు మూసిన చోటు రక్షణ, మైదానంలో ఉండే జంతువుకు తెరిచిన చోటు రక్షణ. ఈ తేడాను గుర్తించకపోవడం వల్లనే ఎక్కువ ప్రమాదాలు జరుగుతాయని నా అభిప్రాయం.

కుక్కలకూ పిల్లులకూ ఇంటి నడిమధ్యన, కిటికీలు లేని గదిని ఎంచుకోవాలి. స్నానాల గది గాని, సామాన్లు పెట్టుకునే చిన్న గది గాని సరిపోతుంది. జంతువులను అందులోకి తెచ్చే ముందు మీరే మోకాళ్ల మీద కూర్చుని ఆ గదిని పిల్లి కంటితో ఒకసారి పరిశీలించండి: బట్టలు ఉతికే యంత్రం వెనుక సందు, గోడ బీరువా కింద ఖాళీ, గొట్టాలు గోడలోకి వెళ్లే రంధ్రం వంటివన్నీ మూసివేయాలి. శుభ్రపరిచే రసాయనాలనూ ఎలుకల మందునూ అక్కడి నుంచి తీసివేయాలి. పిల్లిని గాలి మొదలవడానికి ఒక రోజు ముందే ఈ గదిలోకి చేర్చడం మంచిది. కిటికీలకు పలకలు బిగించే చప్పుడు వినగానే అది పరుపు పెట్టె అడుగుకో, అటక మీదకో చేరిపోతుంది. అవసరమైన క్షణంలో దాన్ని బయటికి రప్పించడం ఎవరి తరమూ కాదు.

ఒక్కొక్క జంతువుకు ఒక్కొక్క బోను ఉండాలి. ఎన్నో ఏళ్లుగా కలిసి పెరిగిన కుక్కా పిల్లీ కూడా భయంలో ఒకదానినొకటి గాయపరచుకునే అవకాశం ఉంది. బోనును తుఫాను నాడే మొదటిసారి చూపిస్తే జంతువు దాన్ని శిక్షగా భావిస్తుంది. కొన్ని వారాల ముందు నుంచే దాని తలుపు తెరిచి ఉంచి, అందులోనే ఆహారం పెడుతూ, పాత దుప్పటి పరిచి ఉంచితే అదే దానికి ఇష్టమైన చోటు అవుతుంది. పిల్లిని ఎత్తుకుని మేడ మీదకు పరుగెత్తవలసి వస్తే బోను అందకపోవచ్చు కాబట్టి, దళసరి గుడ్డతో కుట్టిన దిండు గలీబు ఒకటి దగ్గర ఉంచుకోవడం తెలివైన పని.

ఇంట్లో ఉన్నా సరే మెడపట్టీ తీయకూడదు. దాని మీద మీ ఫోన్ నంబరు చెరగని సిరాతో రాసి ఉండాలి. చర్మం కింద అమర్చే మైక్రోచిప్ ఉన్నంత మాత్రాన సరిపోదు. అందులో మీ చిరునామా ఉండదు, ఒక సంఖ్య మాత్రమే ఉంటుంది, ఆ సంఖ్యకు జోడించిన వివరాలు పాతవైతే దొరికిన జంతువు కూడా మీ దగ్గరికి చేరదు. మీరూ మీ జంతువూ కలిసి ఉన్న ఫొటో ఒకటి ఫోన్‌లోనూ, అచ్చు వేసి జలనిరోధక సంచిలోనూ పెట్టుకోండి. తప్పిపోయిన జంతువు మీదేనని నిరూపించడానికి టీకా పత్రాలతో పాటు అది బాగా ఉపకరిస్తుంది.

నీరు ఎంత కావాలన్న ప్రశ్నకు కుక్కల విషయంలో సులభమైన లెక్క ఉంది: కిలో బరువుకు రోజుకు సుమారు 60 మిల్లీలీటర్లు. 20 కిలోల కుక్కకు రోజుకు 1.2 లీటర్లు అన్నమాట. తుఫాను వెళ్లాక కరెంటు లేని ఉక్కలో అది అంతకంటే ఎక్కువే తాగుతుంది కాబట్టి నిల్వను రెట్టింపు చేసుకోవాలి. ఆహారమూ మందులూ రెండు వారాలకు సరిపడా ఉండాలి. రోజూ తినే ఆహారాన్నే నిల్వ చేయండి, ఎందుకంటే కొత్త ఆహారం వల్ల మొదలయ్యే విరేచనాలు ఆ చిన్న గదిలో అందరికీ నరకమవుతాయి. మధుమేహం ఉన్న జంతువుకు ఇన్సులిన్ ఇస్తున్నవారు మంచుపెట్టెను ముందే సిద్ధం చేసుకుని, మందు సీసా మంచుకు నేరుగా తగలకుండా గుడ్డలో చుట్టి ఉంచాలి. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు.

చాలామంది ముందుగా ఆలోచించని సమస్య కుక్క మలమూత్ర విసర్జన. బయటికి వెళ్లడానికి అలవాటుపడిన కుక్క ఇంటి లోపల ఎన్ని గంటలైనా బిగబట్టుకుంటుంది, చివరికి జబ్బు పడుతుంది. వెడల్పాటి ప్లాస్టిక్ పళ్లెంలో వేళ్లతో సహా తవ్విన పచ్చిక పలక ఒకటి పరిచి, గరాజులో పెట్టి, తుఫానుకు రెండు మూడు వారాల ముందే అక్కడికి తీసుకువెళ్లి అలవాటు చేస్తే ఆ ఇబ్బంది తప్పుతుంది. ఆ ఏర్పాటు లేనివారు తుఫాను కన్ను, అంటే దాని నడిమధ్యన ఉండే ప్రశాంతమైన భాగం, తమ మీదుగా వెళ్తున్నప్పుడు, గాలి ఒక్కసారిగా నిలిచిపోయి ఆకాశం తేటపడిందన్న నమ్మకంతో కుక్కను బయటికి తీసుకువెళ్తారు. ఆ ప్రశాంతత కొన్ని నిమిషాలే ఉండవచ్చు. కన్ను దాటగానే అంతే తీవ్రమైన గాలి వ్యతిరేక దిశ నుంచి, మునుపటి గాలికి వదులైన వస్తువులన్నిటినీ ఎగరేసుకుంటూ వస్తుంది.

భయంతో వణికే కుక్కకు మనుషుల నిద్రమాత్రలు గాని, నొప్పి మాత్రలు గాని ఎన్నడూ ఇవ్వకూడదు. పశువైద్యుడు రాసిచ్చిన మందు ఉంటే, దాన్ని మామూలు రోజున ఒకసారి ఇచ్చి అది ఎలా పనిచేస్తుందో చూసి ఉంచాలి. దగ్గర కూర్చుని మామూలు గొంతుతో మాట్లాడుతూ, రేడియో సన్నగా మోగుతూ ఉంచితే చాలా కుక్కలు కొంత కుదుటపడతాయి.

పక్షుల బోనులను పలుచని గుడ్డతో కప్పి లోపలి గదిలో ఉంచాలి. అంటుకోని పూత ఉన్న పెనం మితిమీరి వేడెక్కినప్పుడు వెలువడే పొగ పక్షులను క్షణాల్లో చంపగలదు కాబట్టి, అత్యవసర వంటకు అలాంటి పెనాలను వాడవద్దు. చేపల తొట్టికి బ్యాటరీతో నడిచే గాలి పంపు కొనిపెట్టుకుని, కరెంటు పోయాక మేత బాగా తగ్గించాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు కొన్ని రోజులు మేత లేకుండా ఉండగలవు గాని ప్రాణవాయువు లేని నీటిలో ఉండలేవు. కోళ్లను గాలి మొదలయ్యేలోపు బుట్టల్లోనో బోనుల్లోనో పెట్టి గరాజులోకి తేవడమే ఉత్తమం. 1998లో జార్జెస్ హరికేన్ వచ్చినప్పుడు మయామీ జంతుప్రదర్శనశాల సిబ్బంది ఫ్లెమింగో కొంగలన్నిటినీ మరుగుదొడ్ల గదిలోకి తోలి, కింద ఎండుగడ్డి పరిచి కాపాడారు. గట్టి గోడలున్న గది ఏదైనా పక్షికి ఆశ్రయమేనని అప్పుడు ఆ గదిలో తీసిన ఫొటో చూసినవారికి తెలుస్తుంది.

జనరేటర్ గురించి ఒక మాట చెప్పక తప్పదు. దాన్ని గరాజులో గాని వరండాలో గాని నడపకూడదు. ఇంటికి కనీసం 6 మీటర్ల దూరంలో, పొగ తలుపులకూ కిటికీలకూ ఎదురుగా రాకుండా ఉంచాలి. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు. గరాజులో మీ కోళ్లు ఉన్నాయన్న సంగతి కూడా మరువకండి.

నీరు ఇంట్లోకి వస్తున్నట్టు కనిపిస్తే ఏ జంతువునూ కట్టేసి గాని, తాళం వేసి గాని కింద వదలకూడదు. 2018లో ఫ్లోరెన్స్ హరికేన్ సమయంలో ఉత్తర కరోలినాలో యజమానులు బోనులో మూసి వదిలివెళ్లిన కుక్కలు, పెరుగుతున్న నీటిలో వెనుక కాళ్ల మీద నిలబడి ఉండగా సహాయకులు తలుపు తీసి రక్షించారు. మేడ మీదకు వెళ్లవలసి వస్తుందన్న అనుమానం ఉంటే బోనులను వెలుతురు ఉండగానే పైకి చేర్చండి. బయటికి దారి లేని అటకలోకి మాత్రం వెళ్లవద్దు.

గుర్రాలూ పశువులూ

గుర్రాన్ని శాలలో కట్టేస్తే భద్రంగా ఉంటుందని మనసు చెబుతుంది. ఆ శాల పెను హరికేన్ గాలులను తట్టుకునేలా ఇంజనీర్లు కట్టినదైతే తప్ప ఆ మాట వినకూడదు. కూలిన కప్పు కింద చిక్కుకున్న జంతువుకు తప్పించుకునే దారి ఉండదు. విశాలమైన బయలులో ఉన్నది మాత్రం ఎగిరివచ్చే వస్తువును తప్పుకోగలదు, గాలికి వెన్ను చూపి నిలబడగలదు. అలాంటి బయలు ఎకరానికి మించినదై, మెరక భాగం కలిగి, విద్యుత్ తీగలకూ, వేళ్లు పైపైనే ఉండే పెద్ద చెట్లకూ దూరంగా ఉండాలి. చెక్క కంచెగాని అల్లిక కంచెగాని మంచిది. ముళ్ల తీగ గాలికి తెగి గుర్రం కాళ్లకు చుట్టుకుంటే గాయాలు భయంకరంగా ఉంటాయి. జంతువులను బయలులోకి వదిలాక శాల తలుపులు మూసివేయడం మరువకండి, లేకుంటే అవి బెదిరి తిరిగి ఆ శాలలోకే పరుగెత్తుతాయి.

గుర్రం తలకు నైలాన్ హాల్టర్ (తలపట్టీ) ఉంచవద్దు, అది దేనికైనా తగులుకుంటే తెగదు. తోలుది గాని, లాగితే విడిపోయేది గాని వాడాలి. పశువులకు గుర్తులు వేసే రంగుతో మీ ఫోన్ నంబరును గుర్రం పక్కల మీద పెద్ద అంకెలతో రాయండి. ధనుర్వాతానికీ, దోమల వల్ల వచ్చే మెదడువాపు వ్యాధులకూ టీకాలు ముందే వేయించి ఉండాలి, ఎందుకంటే వాన వెలిసిన వారం పదిరోజులకు దోమలు విజృంభిస్తాయి. ఒక్కో గుర్రానికి రోజుకు సుమారు 45 నుంచి 75 లీటర్ల నీరు కావాలి. కరెంటు లేకపోతే బావి మోటారు నడవదు కాబట్టి ఉన్న తొట్లన్నిటినీ అంచుల దాకా నింపండి, నిండిన తొట్టి గాలికి ఎగరదు కూడా. ఎండుగడ్డిని నేల మీద కాకుండా ఎత్తైన చెక్క పలకల మీద పేర్చి టార్పాలిన్ కప్పాలి. విద్యుత్ కంచెను ఆపివేయాలి. ఇవన్నీ అయ్యాక మీరు ఇంట్లోకి వెళ్లి, గాలి తగ్గేదాకా ఏ అరుపు వినిపించినా బయటికి రాకూడదు. ఇది చెప్పడానికి సులభమే గాని పాటించడానికి చాలా కష్టం. అయినా మీరు గాయపడితే తర్వాత ఆ జంతువులను చూసుకునేవారు ఉండరు.

గాలి వెలిసిన తర్వాత

మొదట మీరొక్కరే బయటికి వెళ్లి, తెగిపడిన తీగలూ, విరిగిన కంచెలూ, మేకులు తేలిన రేకులూ ఎక్కడున్నాయో చూసిరండి. తీగ తగిలిన నీటిగుంటలోనూ కరెంటు ఉండవచ్చు. కుక్కను ఎన్నేళ్లుగా పెరిగిన పెరడైనా సరే గొలుసు లేకుండా వదలవద్దు. వాసనలూ ఆనవాళ్లూ చెదిరిపోయిన చోట అది ఇంటికి దారి గుర్తుపట్టలేదు. వరద నీటిని తాగనివ్వకూడదు, అందులో ఈదనివ్వకూడదు. ఎలుకల మూత్రంతో వ్యాపించే లెప్టోస్పైరోసిస్ అనే వ్యాధి కుక్కకూ సోకుతుంది, దాని నుంచి మనిషికీ సోకగలదు. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో ఎర్ర నిప్పుచీమలు వరద నీటి మీద ముద్దలుగా తేలుతూ వచ్చి, తగిలిన జంతువుకల్లా పాకుతాయి.

పడిపోయిన చెట్లను పశువులు మేయకుండా చూడటం చాలా ముఖ్యం. వాడిన రెడ్ మేపుల్ ఆకులు గుర్రాల రక్తకణాలను నాశనం చేస్తాయి. వాడిన అడవి చెర్రీ ఆకుల్లో సైనైడ్ వెలువడి పశువులను చంపుతుంది. తడిసి బూజుపట్టిన గడ్డిని ఎంత కరువుగా ఉన్నా పెట్టవద్దు. జంతువు తప్పిపోతే శిబిరాలకు ఫోన్ చేసి ఊరుకోకుండా, ఫొటో పట్టుకుని రోజు విడిచి రోజైనా స్వయంగా వెళ్లి బోనులన్నీ చూడాలి, ఎందుకంటే బురదలో తడిసిన జంతువును మాటలతో చేసిన వర్ణనను బట్టి మరొకరు గుర్తుపట్టలేరు. వెతుకులాటను వారానికే ఆపవద్దు, నెలలు గడిచాక దొరికినవి కూడా ఉన్నాయి.