అమెరికా నుంచి తెచ్చిన టర్న్‌టేబుల్ నెమ్మదిగా తిరుగుతోందా?

ముందు ముల్లు చూడండి. ‘స’కారాలు బుసకొడుతున్నా, రికార్డు లోపలి వైపు పాటల్లో గొంతు చీలుతున్నా అరిగింది అదే, ప్లేయర్ మార్చే పని లేదు. ముల్లు గాడి తప్పుతుంటే టోన్ ఆర్మ్ (ముల్లును మోసే చేయి) రికార్డు మీద మోపే బరువు కొలవండి. ఉదాహరణకు ఆడియో టెక్నికా వీఎం95ఈ అనే కార్ట్రిడ్జ్ (ముల్లు ఉండే భాగం) అయితే 2 గ్రాములు. పైన నాణెం అంటించడం వైద్యం కాదు. శబ్దం పీలగా వస్తే ఫోనో ప్రీఆంప్ (ముల్లు ఇచ్చే సన్నటి శబ్దాన్ని పెంచే పరికరం) లేదు, చెవులు చిల్లులు పడేలా పగిలిపోతుంటే రెండున్నాయి: వెనకాల ఫోనో/లైన్ స్విచ్ ఒకసారి చూస్తే చాలు.

కానీ నెమ్మదిగా తిరగడానికి అసలు దొంగ వేరే ఉంది. పాట మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరుగా సాగుతుంది, సుశీల గొంతు దాదాపు మూడు స్వరస్థానాలు కిందికి దిగిపోతుంది, మూడు నిమిషాల పాటకు 3 నిమిషాల 36 సెకన్లు పడుతుంది. అందరూ బెల్టు మారుస్తారు, మోటారులో నూనె పోస్తారు. బెల్టు సాగితే వేగం ఊగుతుంది. ఇలా నిలకడగా తగ్గిందంటే కారణం కరెంటు. ఏసీ సింక్రనస్ మోటారు వేగం వోల్టేజీని బట్టి కాదు, ఫ్రీక్వెన్సీని బట్టి, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో దాన్ని బట్టి ఉంటుంది. అక్కడ 60 హెర్ట్జ్, ఇక్కడ 50. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టులను 120కి దించుతుందే తప్ప ఫ్రీక్వెన్సీని ముట్టుకోదు. స్టెబిలైజరూ అంతే. అందుకే నిమిషానికి 33⅓ చుట్లు కాస్తా 27.8 అవుతాయి.

స్ట్రోబ్ డిస్క్ (దీపం వెలుగులో గీతలు కదలకుండా కనిపిస్తే వేగం సరే అని చెప్పే గీతల బిళ్ల) పెట్టి చూశాం, గీతలు నిలబడ్డాయి అంటారు. నిలబడతాయి మరి! 60 హెర్ట్జ్ డిస్క్‌ను మన కరెంటు దీపం కింద పెడితే, సరిగ్గా ఆ 27.8 దగ్గరే గీతలు కదలకుండా కనిపిస్తాయి. కాబట్టి దాన్ని పక్కన పెట్టి, లేబుల్ మీద చిన్న కాగితం ముక్క అంటించి మూడు నిమిషాలు లెక్కపెట్టండి. 100 చుట్లు రావాలి. 83 దగ్గర ఆగితే దొంగ దొరికినట్టే.

మందు: 50 హెర్ట్జ్ పుల్లీ, అంటే మోటారు షాఫ్ట్ మీద ఉండి బెల్టును తిప్పే చిన్న చక్రం. మోటారు తగ్గించిన వేగాన్ని రాబట్టాలి గనుక దాని వ్యాసం పాతదానికి 1.2 రెట్లు ఉంటుంది. థోరెన్స్ టీడీ 160 లాంటి వాటికి రెండు రకాల పుల్లీలూ ఉన్నాయి. మీ మోడల్ పేరు, మోటారు షాఫ్ట్ మందం చూసుకుని కొనండి. స్టెప్‌డౌన్ మాత్రం తీసేయకండి. పుల్లీ దొరక్కపోతే 120 వోల్టులు, 60 హెర్ట్జ్ ఇచ్చే చిన్న ప్యూర్ సైన్ (నున్నటి అలలా కరెంటు ఇచ్చే) కన్వర్టర్ చాలు; ఈ మోటార్లు తాగే కరెంటు చాలా తక్కువ.

డీసీ మోటారుకు, టెక్నిక్స్ ఎస్ఎల్-1200 లాంటి బెల్టు లేకుండా మోటారే ప్లేటును తిప్పే క్వార్ట్జ్ డైరెక్ట్ డ్రైవ్‌కు ఈ గొడవ లేదు, వోల్టేజీ సరిపోతే చాలు. అడాప్టర్ ఉంది కదా అని మాత్రం నిశ్చింతగా ఉండకండి. ఔట్‌పుట్ దగ్గర ‘ఏసీ’ అని రాసి ఉంటే చుట్లు లెక్కపెట్టాల్సిందే.

గుయ్‌మనే హమ్ వస్తే ఎర్త్ వైరు బిగించండి. బేరింగ్ వదులై ప్లేటు ఊగడం అరుదు. ఇక బరువు సర్దుకునే వీలే లేని సిరామిక్ కార్ట్రిడ్జ్ సూట్‌కేస్ ప్లేయరైతే దాని మీద రూపాయి పెట్టకండి, కొత్తదే కొనండి.