ఇంటర్వ్యూలో మాటకు ఫోన్, కోడుకు డాక్స్

తిరుపతి నుంచి మదనపల్లె, పలమనేరు వైపు ఊళ్లలోని అభ్యర్థులకు ఆన్‌లైన్‌లో కోడింగ్ ఇంటర్వ్యూ చేసేటప్పుడు, స్క్రీన్ షేర్ చేయగానే వీడియో నిలిచిపోయి, అడిగిన ప్రశ్నే మళ్లీ మళ్లీ అడగవలసి వచ్చేది. వచ్చిన జవాబు కూడా ఆ కంగారులో తడబడటం చూస్తే బాధ కలిగేది.

ఇప్పుడు మాటలకు మామూలు ఫోన్ కాల్, కోడుకు గూగుల్ డాక్స్ వాడుతున్నాను. అక్షరాలు మాత్రమే ప్రయాణిస్తాయి కనుక నెట్ బలహీనంగా ఉన్నా పని సాగుతుంది. ఒక్కొక్కరికి కొత్త డాక్యుమెంట్ తెరిచి, ఎడిట్ అనుమతితో లింకును 15 నిమిషాల ముందు పంపి, మొదటి 5 నిమిషాలు ఏదైనా టైప్ చేసి చూడమంటాను. అంతకుముందే ఫాంటును, అక్షరాలన్నీ ఒకే వెడల్పుతో ఉండే కొరియర్ న్యూకు మార్చి పెడతాను. టైప్ చేసే ముందు అభ్యర్థి తన వైపు టూల్స్‌లోని ప్రిఫరెన్సెస్‌లో ఆటోమేటిక్ క్యాపిటలైజేషన్‌నూ, కొటేషన్ గుర్తులను వంపు గుర్తులుగా మార్చే స్మార్ట్ కోట్స్‌నూ తీసివేయాలి. లేకుంటే వరుస మొదట చిన్న అక్షరాలతో రాసిన 'ఇఫ్' పెద్ద 'ఐ'తో మారిపోతుంది, పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో అది తప్పు. తరువాత వెర్షన్ హిస్టరీ తెరిస్తే కోడు ఏ క్రమంలో రూపుదిద్దుకుందో కనిపిస్తుంది.

అయితే డాక్స్‌లో కోడు నడవదు. తర్కాన్ని పరీక్షించడానికి ఇది చాలు గాని, ప్రోగ్రామును నడిపి దోషాలు సరిదిద్దించాలంటే కోడును అక్కడే నడిపి చూపే కోడర్‌ప్యాడ్ వంటి సైటే కావాలి.