సీలు విప్పని డబ్బాలో ముసలి రబ్బరు: ఎండలు ముదరకముందే పాత కార్ల వాళ్లకు

పోయిన నెలలో మాకు తెలిసినాయన డెబ్బైల నాటి మార్క్ 3 అంబాసిడర్ కావలి దాటాక హైవే మీద వడ్ల ట్రాక్టరు వెనక దూరింది. పెళ్లికొడుకును దించి ఖాళీగా తిరిగొస్తున్న బండి. బ్రేకు తొక్కితే పెడలు నేలదాకా దిగిపోయిందట. రెండోసారి తొక్కితే కాలికి ఏమీ తగల్లేదట. హ్యాండ్ బ్రేకు లాగి ఎడమకు కోశాడు కాబట్టి భుజం ఎముకతో పోయింది. నేను చూడటానికి వెళ్తే మంచం మీద నుంచే అన్నాడు: "బ్రేకుకు ఒరిజినల్ కంపెనీ రబ్బరు కిట్టే వేయించాను కదన్నా, సీలు కూడా నా ముందే విప్పారు."

అదే కొంప ముంచింది.

తర్వాత షెడ్డులో మాస్టర్ సిలిండర్, అంటే పెడలు తొక్కితే బ్రేకు ఆయిల్‌ను చక్రాలకు తోసేది, విప్పించి చూశాం. లోపల ఆయిల్‌ను ఆపే రబ్బరు గిన్నె, దాన్నే బకెట్ వాషరు అంటారు, దాని అంచులో గోరంత ముక్క ఊడి ఉంది. మిగిలిన దాన్ని రెండు వేళ్ల మధ్య వంచితే ఎండిన చింతకాయ పెంకులా పుటుక్కుమంది. డబ్బా ఆయన దాచుకున్నాడు, దాని మీద ధర పద్దెనిమిది రూపాయలు. తయారీ తేదీ ఎక్కడా లేదు. ఆ కిట్టు వేసి నలభై రోజులు కూడా కాలేదు.

వైశాఖం పెళ్లిళ్లకు మళ్లీ పాత బండ్లు బయటికి తీస్తారు. పూల దండలు వేసి, సింగరాయకొండ నుంచి గూడూరు దాకా తిప్పుతారు. ఆ వెనకే రోహిణి కార్తె. ఆయిల్ మార్చండి, రేడియేటర్లో నీళ్లు చూడండి లాంటివి మీకు చెప్పక్కర్లేదు. నేను చెప్పేది ఒక్కటే. రబ్బరు ఉన్న ఏ పీసూ ఓల్డ్ స్టాక్, అంటే ఏళ్ల తరబడి వాడకుండా డబ్బాలో పడి ఉన్న పాత సరుకు, వేయకండి.

ఓల్డ్ స్టాక్ అంటే నాకు పడదనుకునేరు. నా బండిలో కింగ్ పిన్నులు (ముందు చక్రాలు పక్కకు తిరిగే పిన్నులు), బేరింగులు, గేరు చక్రాలు అన్నీ ఏళ్ల తరబడి పోగేసిన పాత సరుకే. ఇనుముకు సంబంధించినంత వరకు పాత కంపెనీ పీసు దొరికితే కళ్లకద్దుకుని కొనండి. ఇప్పుడొచ్చే లోకల్ కింగ్ పిన్ను చాలావాటికి గట్టిదనం ఉండదు, ఏడాదికే స్టీరింగు ఊగుతుంది. స్పార్కు కోసం కరెంటును తెంచి కలిపే ఇగ్నిషన్ పాయింట్లూ అంతే. లూకాస్ టీవీఎస్ పాత పాయింట్లు ఇప్పటికీ దొరికితే వదలకండి, కొత్త లోకల్‌వి మడమ త్వరగా అరిగి గ్యాపు మూసుకుపోతుంది. కాకపోతే మన సముద్రపు గాలికి డబ్బాలోనే తుప్పు పడుతుంది. బేరింగు కొనేటప్పుడు గ్రీజు తుడిచి గోళీల మీద చుక్కలున్నాయేమో వెలుతురులో చూడండి. ఒక్క చుక్క కనిపించినా వద్దు. బాగుంటే పాత గ్రీజు మొత్తం కడిగి కొత్తది దట్టించాలి, ఆ పాతది ఎండి మైనమై ఉంటుంది.

రబ్బరు సంగతి వేరు. ఇనుము వాడితే అరుగుతుంది. రబ్బరు వాడకపోయినా పాడవుతుంది. అచ్చులోంచి బయటికి వచ్చిన రోజు నుంచే దాని వయసు లెక్క మొదలు. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్, వేడి కలిసి దాన్ని గట్టిపరుస్తూ పోతాయి. రేకుల షెడ్డులో అటక మీద నెల్లూరు ఎండకు పడి ఉన్న డబ్బా లోపల ఏం జరిగి ఉంటుందో ఊహించండి. బెంగాల్‌లోని ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. పద్మిని అంతకంటే చాలా ముందే ఆగింది. అంటే ఇవాళ "కంపెనీ డబ్బా" అని మీ చేతికొచ్చే కిట్టుకు చాలావరకు పదేళ్లు దాటి ఉంటాయి. మార్క్ 3 కాలం నాటిదైతే మీ అబ్బాయి కంటే పెద్దది కావచ్చు.

ఇందులో అసలు మోసం ఏమిటంటే, వేసిన రోజు బాగానే ఉంటుంది. పెడలు గట్టిగా నిలబడుతుంది, మేస్త్రి వీధి చివరిదాకా వెళ్లి వస్తాడు, మీరు డబ్బులిచ్చేస్తారు. సాగే గుణం పోయిన అంచు సిలిండర్ గోడకు అంటుకుని ఉండలేదు. వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి, ఒకనాడు చిరుగుతుంది. అదీ గట్టిగా తొక్కినప్పుడే చిరుగుతుంది. అంటే సరిగ్గా అవసరం పడ్డ రోజే. పాత అంబాసిడర్లకు, పద్మినీలకు బ్రేకు ఆయిల్ ఒకే లైను. ఇప్పటి కార్లలా రెండు భాగాలు కాదు. ఒక్క వాషరు పోతే నాలుగు చక్రాలకూ బ్రేకు పోయినట్టే. మిగిలేది వెనక చక్రాల హ్యాండ్ బ్రేకు కేబులు. మీలో ఎంతమంది దాన్ని ఈ ఏడాదిలో బిగించారు?

"నేను కిట్టు వేయలేదు, పాత మాస్టర్ సిలిండర్ సెట్టు మొత్తం వేశాను, అది ఇనుమే కదా" అని ఒకాయన నాతో వాదించాడు. పైన ఇనుము, లోపల అవే బకెట్లు. ఇలా ఇనుములో దాక్కున్న రబ్బరును వెతకాలి. పెట్రోలు పంపులో డయాఫ్రం అనే పల్చటి రబ్బరు పొర, వాటర్ పంపులో సీలు, టై రాడ్ ఎండ్ మీద టోపీ, ఇంజిన్ మౌంటింగులు. ఓల్డ్ స్టాక్ సెట్టు దొరికితే బాడీ వాడుకోండి, లోపలి రబ్బరంతా తీసి కొత్తది వేయండి. సిలిండర్ లోపల గుంటలు పడితే మాత్రం కొత్త కిట్టు వేసినా ఆగదు. లేతు పని తెలిసిన వాళ్ల దగ్గర లోపల స్లీవు (కొత్త గొట్టం) వేయించాలి.

పెట్రోలు విషయంలో ఇంకో భయం ఉంది. ఇప్పుడు బంకుల్లో పోసేది ఇరవై శాతం ఇథనాల్ కలిపింది. పాత రబ్బరు పైపులు, డయాఫ్రాలు దాన్ని తట్టుకోవు, కొన్ని ఉబ్బుతాయి, కొన్ని పగులుతాయి. అంబాసిడర్ పెట్రోలు ఇంజిన్లో పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటరూ, పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ మానిఫోల్డూ ఒకే పక్కన ఉంటాయి. పైనుంచి కారిన పెట్రోలు ఎర్రగా కాలే ఇనుము మీద పడుతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం. ఇక చెప్పేదేముంది. ఇథనాల్‌కు తట్టుకునే కొత్త పైపులు దొరుకుతున్నాయి, మీటరుకు నాలుగు రూపాయలు ఎక్కువైతే కానివ్వండి.

కొత్త రబ్బరు కూడా గుడ్డిగా కొనకూడదు. ఇప్పుడు తయారవుతున్న బ్రేకు కంపెనీల ప్యాకెట్ల మీద నెల, సంవత్సరం ఉంటాయి. అవి లేని ప్యాకెట్ వద్దు. మీ వాషరు మీద మూడు బై నాలుగు అనో ఏడు బై ఎనిమిది అనో అంగుళాల్లో అచ్చు ఉంటుంది. దానికి దగ్గరని మిల్లీమీటర్ల సైజు అంటగడతారు. సరిగ్గా అదే సైజు కాకపోతే వెంటనే ఏమీ కాకపోయినా తర్వాత కారవచ్చు. చెన్నై పుదుపేట వెళ్లినా, విజయవాడ ఆటోనగర్ వెళ్లినా పాత పీసు సంచిలో వేసుకుని వెళ్లండి. కొట్టువాడు అటక మీద నుంచి డబ్బా దింపి దుమ్ము దులిపి "ఇలాంటిది ఇక దొరకదు సార్" అంటాడు. నిజమే. కిట్టు అయితే వద్దనండి.

మిగిలినవి గబగబా చెప్తాను.

వాషర్లను పెట్రోలుతో, డీజిల్‌తో కడగనివ్వకండి, ఉబ్బుతాయి. కొత్త బ్రేకు ఆయిల్‌తోనే కడగాలి.

బ్రేకు ఆయిల్ డబ్బాలో ఇంజిన్ ఆయిల్ చుక్క పడినా మొత్తం పారబోయండి. డబ్బా మీద డాట్ 3 లేదా డాట్ 4 అని ఉన్న రకమే వాడాలి. బ్రేకు ఆయిల్ గాలిలోని తడిని పీలుస్తుంది కాబట్టి మన తీరంలో రెండేళ్లకోసారి మార్పించాలి.

పని అయ్యాక బండి నిలబెట్టి పెడలు గట్టిగా తొక్కి నిమిషం పట్టి ఉంచండి. మెల్లగా దిగితే ఆ బండి షెడ్డు దాటకూడదు. మేస్త్రి "సెట్ అవుద్ది సార్" అంటే వినకండి.

అతికించిన పాత బ్రేకు లైనర్లు వద్దు, జిగురు కూడా ముసలిదవుతుంది. రివెట్లు వేసినవైతే పర్వాలేదు. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, డ్రమ్ములోని పొడిని నోటితో గానీ గాలి పైపుతో గానీ ఊదకండి. తడిగుడ్డతో తుడవండి.

వాడని టైరు కొత్త టైరు కాదు. పక్కన నాలుగంకెలు చూడండి, 2319 అంటే 2019లో ఇరవై మూడో వారం. మూడంకెలే ఉంటే అది 2000కు ముందుది. దాన్ని స్టెప్నీగా కూడా పెట్టకండి.

దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కే ముందు నాలుగు చక్రాల డ్రమ్ములూ విప్పి చూడాలి. దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగాలి. న్యూట్రల్‌లో వదిలి పెట్రోలు మిగిల్చుకునే తెలివి వద్దు.

బ్రేకు పోతే ఇంజిన్ ఆపకండి. పెడలు పంపు కొట్టండి, గేరు తగ్గించండి, హ్యాండ్ బ్రేకు కొద్దికొద్దిగా లాగండి.

పెళ్లికి బండి అద్దెకిస్తే డ్రైవరు మీవాడే ఉండాలి.

మీ అటక మీద ఓల్డ్ స్టాక్ బ్రేకు కిట్టు ఉంటే ఇవాళే దింపండి. అమ్మకండి, ఎవరికీ ఊరికే ఇవ్వకండి. వాషర్లను కత్తెరతో రెండు ముక్కలు చేసి పారేయండి. డబ్బా కూడా చింపేయండి, లేకపోతే అందులోకి ఇంకేదో చేరి మళ్లీ ఎవరి బండికో ఎక్కుతుంది.